మీరేమోళ్లు?

మాది రామసముద్రం. మాలపల్లె. పొద్దున్నే మా ఊరి నుంచి బస్సులు, బైకులు, కార్లు మదనపల్లెకూ పుంగనూరుకూ పోతాయి. ఉద్యోగస్తులు, వ్యాపారస్తులు, కాలేజీ పిల్లోళ్లు. చీకటిపడితే ఊరు చేరతారు. నేనూ అంతే. ఊరికి డబ్బొచ్చింది, కాదనను. 2023 జులైలో మదనపల్లె మార్కెట్టులో కిలో టమోటా వంద దాటినప్పుడు కొందరికి మేడలు లేచినాయి. కాయలు కోసిన మా ఆడోళ్లకు మాత్రం కూలే.

"నెలజీతం వస్తుంది గదా, టౌన్లో ఉండరాదా?" అని అందరూ అడుగుతారు. ఉన్నాను, ఎనిమిది నెలలు.

ఇల్లు చూపిస్తా ఓనరు అడిగినాడు, "మీరేమోళ్లు సార్?" అని. అంతకుముందు మూడిళ్లలో నిజం చెప్పి, "మావోళ్లెవరో వస్తామన్నారు" అనిపించుకున్నాను. నాలుగో ఇంట్లో వేరే కులం పేరు చెప్పినాను. తాళంచెవి చేతికొచ్చింది.

అది తప్పా? అమెరికాలో, లండన్లో చదివిన అంబేడ్కర్ 1917లో బరోడా కొలువుకొస్తే దిగడానికి చోటు లేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరుతో ఉన్నాడు. పదకొండో రోజు కర్రలతో వచ్చి వెళ్లగొట్టినారు. కులం అడగడం తప్పు కానప్పుడు దాచడం తప్పెట్లవుతుంది? అట్లే నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

పండక్కి అమ్మ వచ్చింది. "కొళాయికాడ ఎవరితోనూ మాట్లాడొద్దమ్మా. మీ ఊర్లో ఏ వీధి అంటే చెప్పొద్దు" అన్నాను. తోటలో నలుగురినీ నవ్విస్తా కాయలు కోసే మనిషి. మూడు రోజులు ఇంట్లో మూగదై కూర్చుంది. నాలుగో రోజు సంచి సర్దుకుంటా, "నేనేం తప్పు జేసినానని నా నోరు కట్టేసినావు నాయనా?" అనింది.

జవాబు లేదు. ఆ అబద్ధం పాపం అడిగినవాడిదే, ఇప్పటికీ అదే అంటాను. కానీ దాని బాడుగ కట్టింది మా అమ్మ. ఆ నెలాఖరుకే ఇల్లు ఖాళీ చేసినాను.

ఇప్పుడు రోజూ బస్సే. ఊర్లో కులం దాయనక్కర్లేదు, అందరికీ తెలుసు. వానరోజు కారాపి పక్కన కూర్చోబెట్టుకునే పెద్దరైతే, వాళ్లింటికి పోతే అరుగు మీదనే మాట్లాడి పంపిస్తాడు. 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో అంబేడ్కర్ పల్లెను ఎందుకు మెచ్చుకోలేదో దినమూ తెలిసొస్తుంది. అయినా బస్సు దిగితే మా అమ్మ వీధిలోకొచ్చి గట్టిగా పేరు పెట్టి పిలుస్తుంది. అంతమాత్రం చాలునా? చాలదు.

టౌన్లో నిజం చెబితే ఇల్లు లేదు. ఊర్లో నిజం తెలుసు కాబట్టి గడప లేదు. ఈ రెంటి నడుమ రోజూ టికెట్టు కొనుక్కుని తిరగతా ఉండాను. టౌన్లో ఎందుకుండవని నన్నడగొద్దు. ఇండ్లున్నోళ్లను అడగండి.