‘సరే’ అంటే సరిపోతుందా?

కొన్నేళ్ళ క్రితం మేము శ్రీకూర్మంలో తెలిసినవారి ఇంట ఉండగా శ్రీకాకుళం నుంచి ఫోను వచ్చింది. మేమెరిగిన ఒక పెద్దాయన మరణించారు, జనాజా నమాజు జుహ్ర్ తర్వాత అని చెప్పారు. “సరే, సరే” అని పెట్టేశాము. అంతకు ముందు వారం మరో జనాజా అస్ర్ తర్వాత జరిగింది. మా మనసులో అదే నాటుకొని ఉంది. మేము చేరేసరికి జనం ఖబరస్తాన్ నుంచి తిరిగి వస్తున్నారు. “మీ కోసం కాసేపు చూశాం మౌలానా” అన్నాడు ఆయన కుమారుడు. మరణించిన సోదరుని హక్కు ఒకటి మా చేజారిపోయింది. చెప్పినవారు తప్పు చెప్పలేదు. మేమూ కావాలని చేయలేదు. మరి లోపం ఎక్కడ?

విమానాలకు దారి చూపే కంట్రోలర్ల పనిలో దీనికి జవాబు ఉంది. ఫలానా ఎత్తులో ఉండమని కంట్రోలర్ చెబితే పైలట్ “సరే” అంటే చాలదు, ఆ అంకెను తిరిగి పలకాలి. కంట్రోలర్ దాన్ని విని సరిచూడాలి. పైలట్ తప్పుగా పలికినప్పుడు కంట్రోలర్ మౌనంగా ఉంటే ఆ మౌనమే ఒప్పుకోలు అయిపోతుంది. రోజూ వినే మాటలే కావడంతో చెప్పినదాన్ని కాక, తాను ఎదురుచూస్తున్నదాన్నే విన్నాననుకునే ప్రమాదం ఎంత అనుభవజ్ఞునికైనా ఉంటుంది. దీనినే మన పెద్దలు గఫ్లత్ అన్నారు.

తిరిగి పలికితే బాధ్యత తీరినట్లేనా? అదీ కాదు. 1996 నవంబరు 12న ఢిల్లీ నుంచి దహ్రాన్ బయలుదేరిన సౌదీ విమానం, ఢిల్లీలో దిగబోతున్న కజకిస్తాన్ విమానం హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద ఆకాశంలో ఢీకొన్నాయి. 349 మంది మరణించారు. బతుకుతెరువు కోసం గల్ఫ్ వెళుతున్నవారు వారిలో ఎందరో. సౌదీ విమానానికి 14,000 అడుగులు, కజక్ విమానానికి 15,000 అడుగుల ఎత్తు నిర్ణయించారు. కజక్ విమానం తనకిచ్చిన ఎత్తు కంటే కిందికి దిగడమే కారణమని విచారణలో తేలింది. అందులో కంట్రోలర్‌తో మాట్లాడేది రేడియో ఆపరేటర్, విమానం నడిపేది పైలట్లు. మాట చెవికి చేరింది, ఆచరణకు చేరలేదు.

దైవప్రవక్త (సఅసం) హజ్రత్ బరా బిన్ ఆజిబ్ (రజి) గారికి నిద్రకు ముందు చదివే దుఆ నేర్పారు. ఆయన దానిని తిరిగి వినిపిస్తూ ‘నబీ’ అనవలసిన చోట ‘రసూల్’ అన్నారు. రెండూ గౌరవ పదాలే. అయినా ప్రవక్త (సఅసం) ఊరుకోలేదు, నేర్పిన పదమే పలకమని సరిదిద్దారు. బుఖారీలో ఉన్న ఈ ఉదంతంలో శిష్యుడు తిరిగి చెప్పడమూ ఉంది, గురువు శ్రద్ధగా వినడమూ ఉంది.

‘మళ్ళీ చెప్పమంటే ఎదుటివారు నొచ్చుకుంటారేమో’ అని కొందరు సంకోచిస్తారు. మనం అనుమానించేది ఎదుటివారిని కాదు, మన చెవిని. వినికిడి, చూపు, హృదయం అన్నింటి గురించీ ప్రశ్నించడం జరుగుతుందని దివ్య ఖుర్ఆన్ (బనీ ఇస్రాయీల్: 36) హెచ్చరిస్తోంది. విన్న మాట కూడా అమానతే.

డాక్టరు చెప్పిన మందు మోతాదు, తండ్రి చెప్పిన అప్పు లెక్క, జనాజా వేళ, ఏదైనా సరే, “మీరు చెప్పింది ఇదే కదా?” అని ఒక్కసారి తిరిగి పలుకుదాం. ఆ ఒక్క మాట మేమానాడు అనలేదు. అల్లాహ్ మనల్ని ఏమరుపాటు నుంచి కాపాడుగాక! ఆమీన్.