ఒక ఏడాది ఆదా

ఇంటర్ అవగానే బీఏ ఎల్‌ఎల్‌బీలో చేరితే ఐదేళ్లలో రెండు డిగ్రీలు చేతికొస్తాయి. విడివిడిగా చదివితే డిగ్రీ మూడేళ్లు, ఆపైన లాసెట్ రాసి ఎల్‌ఎల్‌బీ మరో మూడేళ్లు, మొత్తం ఆరు. ఐఐటీల్లో బీటెక్, ఎంటెక్ కలిపి ఇచ్చే డ్యుయల్ డిగ్రీ లెక్క కూడా అంతే. నాలుగూ రెండూ ఆరు కావలసింది ఐదులో ముగుస్తుంది. మిగిలేది ఒక్క ఏడాది. పదిహేడేళ్ల పిల్లలు తమ ఐదేళ్లను ముందే రాసిచ్చేది చాలావరకు ఆ ఏడాది కోసమే. దాంతోపాటు ఇంకో ఊరట కూడా ఉంది: రెండూ ఉన్నాయి కదా, ఏది కావాలో ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు.

మా అక్క కూతురికి తేల్చుకోవలసిన రోజు రెండో ఏడాది చివర్లో వచ్చింది. లా వద్దు, చరిత్ర చదువుతానంటుంది. "మావయ్యా, ఇప్పుడు మానేస్తే ఈ రెండేళ్లూ పోయినట్టేనా?" అని అడిగింది.

నియమాలనడిగితే అవి మొహమాటం లేకుండా చెబుతాయి. బార్ కౌన్సిల్ 2008లో చేసిన నియమాల ప్రకారం ఈ జంట డిగ్రీని విడదీయడానికి లేదు. నడిమధ్యలో చేరడానికి వీల్లేదు, మూడేళ్లయింది కనుక బీఏ ఇచ్చి పంపమనడానికీ వీల్లేదు. మామూలు డిగ్రీకి 2020 జాతీయ విద్యావిధానం ఏడాదికో గుమ్మం పెట్టింది. ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ. మా పిల్ల చదువుతున్న కోర్సుకు ఆ గుమ్మాలు లేవు. ఈ రోజు వచ్చేస్తే చేతిలో ఉండేది ఇంటర్ సర్టిఫికెట్టూ, నాలుగు సెమిస్టర్ల మార్కుల మెమోలూ.

అయితే రెండేళ్ల చదువు పోవడమంటే ఏమిటో లా విద్యార్థులకు 2024 జూలై 1న మరో రకంగా తెలిసొచ్చింది. ఆ రోజు 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. హత్య అంటే 302 అని బట్టీపట్టినవాళ్లు 103 అని మళ్లీ నేర్చుకున్నారు. మన నోళ్లలో తిట్టుగా నానిపోయిన 420 కూడా 318లో కలిసిపోయింది. ఆ పిల్లలెవరూ కోర్సు మారలేదు, కోర్సే వాళ్ల కింద మారింది. హత్యకూ, హత్య స్థాయికి రాని నరహత్యకూ మధ్య గీత ఎక్కడ గీయాలో, చంపాలనే ఉద్దేశాన్ని ఎలా పోల్చుకోవాలో అర్థం చేసుకుని చదివినవాళ్లకు పెద్దగా పోయిందేమీ లేదు. నంబర్లు మాత్రమే నేర్చినవాళ్లకు చాలా పోయింది. మా పిల్ల రెండేళ్లు దక్కాయో పోయాయో ఆమె ఎలా చదివిందన్న దాన్నిబట్టే ఉంటుంది. ఉండిపోవడమో వచ్చేయడమో దాన్ని మార్చదు.

బీఏ ఎల్‌ఎల్‌బీ అన్నప్పుడు బీఏను ఎవరూ పట్టించుకోరు. చరిత్ర, రాజనీతిశాస్త్రం, సమాజశాస్త్రం పేపర్లు మొదటి సెమిస్టర్లలో గట్టెక్కేస్తే చాలనుకుంటారు. ఈమె మనసు అక్కడే పడింది. భూమి హక్కుల మీద ఏదో ప్రాజెక్టు రాయబోయి తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లింది. నిజాం కాలపు కాగితాలు ముందు పెట్టారు. కొన్ని పారశీకం, కొన్ని ఉర్దూ. ఒక్క అక్షరం చదవలేకపోయింది. ఇంటికొచ్చి, చరిత్ర బాగుంటుందనలేదు, ఆ లిపి నేర్చుకుంటానంది. నాకు నమ్మకం కలిగింది ఆ మాటతోనే. ఇష్టమని అందరూ అంటారు. రానిదాని ముందు కూర్చుని, రాకపోవడం చూసి కూడా వెనక్కి రానివాళ్లు తక్కువ.

లా విషయంలో మాత్రం ఆమె తీర్పు తొందరపాటుదని నా అభిప్రాయం. సాక్ష్యాల చట్టం, సివిల్ ప్రొసీజర్ ఆమె ఇంకా చదవనే లేదు. కింది కోర్టులో ఒక కేసు ఎలా నడుస్తుందో చూడలేదు. ఆమె చూసిన లా అంతా పరీక్షల వారం, ఇంటర్న్‌షిప్పుల పరుగు. చరిత్రలో తనకు దొరికిన మంచి రోజుతో పోల్చి దాన్ని తూచడం న్యాయం కాదు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ తత్వశాస్త్రం ఎంచుకున్న వైనం తెలిసిందే. డబ్బుకు ఇబ్బంది. ఆయన చదివిన మద్రాసు క్రైస్తవ కళాశాలలోనే డిగ్రీ పుచ్చుకున్న బంధువొకరు తన పుస్తకాలిచ్చారు, అవి తత్వశాస్త్రం పుస్తకాలు. దొరికింది బుద్ధిగా చదువుకోమని చెప్పడానికి పెద్దలు ఈ కథ వాడతారు. నాకు అందులో ఆ నీతి కనబడదు. పుస్తకాలను ఇంటికి తెచ్చింది అవసరం. వాటిని జీవితమంతా వదలకపోవడం ఆయన చేసిన పని. మా పిల్లకు చరిత్రను చూపించింది లా కాలేజీయే, అందుకు ఆ కాలేజీకి రుణపడాలి కూడా. చూపించినంత మాత్రాన అక్కడే ఉండాలని లేదు.

మా అక్క భయం వేరు. "ఇంకో ఏడాది పెరిగితే సంబంధాలవాళ్లకు ఏం చెప్పాలిరా?" అంది. మగపిల్లాడు లాంగ్ టర్మ్ కోచింగ్‌లో ఏడాది కూర్చుంటే పట్టుదల అంటాం. ఆడపిల్ల చదువులో ఏడాది పెరిగితే దాన్ని పెళ్లి వయసులోంచి తీసేసి లెక్కపెడతాం. నాకు ఇది భరించరాని అన్యాయం, అక్కకూ అదే చెప్పాను. ఎడ్యుకేషన్ లోను గురించో, బావ రిటైర్మెంట్ గురించో అడిగి ఉంటే కూర్చుని మాట్లాడేవాణ్ని. అవి నిజమైన బరువులు.

ఆ కోపంలోనే కాగితం మీద లెక్క వేశాను. ఉండిపోతే ఇంకా మూడేళ్లు, తర్వాత ఎంఏ చరిత్ర రెండేళ్లు, మొత్తం ఐదు. ఇప్పుడు మానేసి బీఏలో మళ్లీ మొదటి ఏడాది నుంచి చేరితే మూడేళ్లు, ఎంఏ రెండేళ్లు, అదీ ఐదే. చరిత్రలో ఎంఏ ఆమెకు ఏ దారిన వెళ్లినా ఒకే వయసులో వస్తుంది. ఒక దారిలో లా పట్టా కూడా ఉంటుంది. రెండో దారిలో మూడేళ్లూ చరిత్రకే, ఉర్దూ పారశీకాలకే దక్కుతాయి.

ఆ కాగితం తల్లీకూతుళ్లిద్దరికీ చూపించాను. అక్క ఏడాది మాట ఎత్తడం మానేసింది. పిల్ల ఈ వేసవి సెలవుల్లో పొద్దున మా ఊరి సివిల్ కోర్టులో ఒక ప్లీడరుగారి వెంట ఉంటానంది, సాయంత్రం ఉర్దూ చెప్పించుకుంటానంది. మూడో ఏడాది ఫీజు కట్టే గడువులోగా చెబుతానంది. ఏది చెప్పినా కట్టడానికి డబ్బు సిద్ధంగా ఉంచమని బావకు చెప్పాను.