చేసుకున్నవారికి చేసుకున్నంతేనా?

2003లో బెంట్లీ కాంటినెంటల్ జీటీ బ్రిటన్ మార్కెట్లోకి వచ్చినప్పుడు దాని ధర లక్షా పది వేల పౌండ్లకు అటూ ఇటూగా ఉండేది. ఆరు లీటర్ల డబ్ల్యూ12 ఇంజను, రెండు టర్బోలు, 552 హార్స్‌పవర్, గంటకు 198 మైళ్ళ గరిష్ఠ వేగం. రోజంతా దేశాలు దాటుకుంటూ పోయినా నడుము పట్టెయ్యకుండా చూసుకునే జాతి బండి. గ్రాండ్ టూరర్ అనేది అలాంటి వాటినే. 2005లో రిజిస్టరైన ఆ మోడలునే నేను, ఇవాళ కొత్తగా ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్‌కి పెట్టే డబ్బుకి కొన్నాను. అమ్మినాయన మోసగాడు కాడు, అవసరంలో ఉన్నవాడూ కాడు. మరి మిగతా డబ్బంతా ఎటు పోయినట్టు?

తరుగుదల అంటారు అకౌంటెంట్లు. కానీ తరిగింది కొనే ధర ఒక్కటే. టైర్లు, బ్రేకు డిస్కులు, ఎయిర్ సస్పెన్షను ఇప్పటికీ లక్ష పౌండ్ల కారు లెక్కలోనే ఉన్నాయి. రెండు ఇరుకు వీ6లను ఒకే క్రాంక్‌షాఫ్టుకు కలిపి చేసిన ఇంజను అది. బానెట్ ఎత్తితే వేలు దూరే సందుండదు. వెనకవైపు ఒక వాక్యూమ్ పైపు పగిలితే చాలాసార్లు ఇంజను మొత్తం కిందికి దించాల్సి వస్తుంది. పైపు ఖరీదు పిసరంత, కూలి వేలల్లో. అందుకే అంత ఖరీదు కారు అంత చవక. కొనే స్తోమత చాలామందికి ఉంది, పోషించే ఓపికే లేదు.

మా అన్నయ్య తెనాలిలో సంస్కృతం పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఫోనులో సంగతి విని మొదట అడిగింది మైలేజీ కాదు. "ఒరేయ్, ఎవడో తొక్కి తొక్కి వదిలేసిన దానికి నువ్వు దండగ కట్టడమేమిట్రా? ఇది అకృతాభ్యాగమం కాదూ?" అన్నాడు. సర్వీసు బిల్లులకు శాస్త్రంలో ఇంత గంభీరమైన పేరుందని నాకు అంతవరకూ తట్టలేదు.

కర్మ సిద్ధాంతానికి రెండు దోషాలు అంటకూడదని మన తార్కికులు పట్టుబట్టారు. చేసిన పని ఫలమివ్వకుండా పోతే అది కృతహాని. చెయ్యని పని ఫలం వచ్చి నెత్తిన పడితే అది అకృతాభ్యాగమం. స్థిరమైన ఆత్మ లేదన్న బౌద్ధుల మీద నైయాయికులూ వేదాంతులూ జైనులూ వేసిన పెద్ద నింద ఇదే. చేసినవాడు క్షణంలో పోయి, అనుభవించేవాడు మరొకడైతే న్యాయమెక్కడిది అని. చేసుకున్నవారికి చేసుకున్నంత అని మన అమ్మమ్మలు ఒక్క ముక్కలో తేల్చేసినదీ ఈ మాటే.

పాత కారు విషయంలో అకృతాభ్యాగమం వాదన కాదు, బిల్లు. నా కారు ఫైలు చూడండి. మొదటి యజమాని ఎవరో నాకు తెలియదు గాని మనిషి శ్రద్ధ మాత్రం కాగితం కాగితంలో కనిపిస్తుంది. ఏడాదికోసారి సర్వీసు ముద్ర, ఆయిలు మార్పించిన రసీదు, డిక్కీలో ఉండే రెండు బ్యాటరీలూ ఒకేసారి మార్పించిన బిల్లు. ఆ తర్వాత చెయ్యి మారింది, ముద్రలు ఆగాయి. ఇక్కడ బ్రిటన్‌లో మూడేళ్ళు నిండిన ప్రతి కారుకీ ఏటా ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. ఏ ఏడు దేనిలో తప్పింది, అప్పటికి ఎన్ని మైళ్ళు తిరిగింది అన్నది నంబరు కొట్టి ఎవరైనా చూడొచ్చు. చిత్రగుప్తుడి చిట్టాను ఈ దేశంలో జనానికి తెరిచి పెట్టారు. అందులో నా కారు ఒక యజమాని దగ్గర అరిగిన టైర్లతో తప్పింది, మరుసటేడూ టైర్లతోనే తప్పింది. నేను ఆ కాగితాలు ముందేసుకుని కూర్చుంటే మా ఆవిడ, "ఏమండీ, పెళ్ళిచూపులప్పుడు మీవాళ్ళు మా ముత్తాత దాకా అడిగారు. ఇంకా దీని ముత్తాత దగ్గరే ఉన్నారా?" అంది.

ఇప్పుడు రాత్రి నిలబెట్టిన కారు తెల్లారేసరికి ఎడమవైపు ముందు భుజం వాల్చేస్తోంది. అక్కడి ఎయిర్ స్ట్రట్టు గాలి వదిలేస్తోంది. హెచ్చరిక దీపం వెలుగుతున్నా చాలాకాలం అలాగే తిప్పినట్టున్నారు, కంప్రెసరు కూడా అలిసిపోయింది అన్నాడు మెకానిక్కు. తిప్పిందెవరో. కట్టేది నేను.

భగవద్గీతలో దేహి చిరిగిన బట్టలు విడిచినట్టు దేహాన్ని మార్చుకుంటాడు. పాత కార్ల లోకంలో దేహం అలాగే ఉండి దేహులు మారుతుంటారు. కఠోపనిషత్తు శరీరాన్ని రథమని, ఆత్మను అందులో కూర్చున్న రథికుడని చెప్పింది. రథికుడు ముఖ్యం, రథం వాహనమాత్రం. ఈ చిత్రంలో కర్మ రథికుడితో పోవాలి. నా ఫైల్లో మాత్రం రథికులు దిగిపోయారు, కర్మ సీటు కింద ఉండిపోయింది.

ఈ చిక్కును సూటిగా పట్టుకున్నవాడు బౌద్ధ భిక్షువు నాగసేనుడు. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దపు గ్రీకు రాజు మినాండరు, పాలి వాళ్ళ మిళిందుడు, సాగల నగరంలో ఆయనతో వాదానికి కూర్చున్నాడు. ఆ సాగల ఇప్పుడు పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ అంటారు. రాజా, రథంలో వచ్చానన్నావే, ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా అని అడిగి, వీటన్నిటినీ ఆనుకుని వాడుకలో ఉన్న పేరే రథం అని ఒప్పించాడు. నా కారులో బ్యాటరీలు తొలినాటివి కావు, టైర్లు కావు, కంప్రెసరు రేపో మాపో కాదు. అసలు ఈ కంపెనీ చరిత్రే నాగసేనుడి పక్షాన సాక్ష్యం చెబుతుంది. 1998లో ఫోక్స్‌వాగన్ 43 కోట్ల పౌండ్లు పోసి క్రూ పట్టణంలోని కార్ఖానా సహా రోల్స్‌రాయిస్, బెంట్లీ కార్ల సంస్థను కొంది. తీరా చూస్తే రోల్స్‌రాయిస్ అన్న పేరు వాడుకునే హక్కు బీఎండబ్ల్యూకి 4 కోట్లకు పోయింది. కార్ఖానా, యంత్రాలు, పనివాళ్ళు ఒకరికి, పేరు ఇంకొకరికి. నామరూపాల గురించి వేదాంత గ్రంథాల్లో చదివాను, అవి విడివిడిగా అమ్ముడుపోవడం వ్యాపార వార్తల్లో చూశాను.

రథం కథ అందరికీ తెలిసిందే. నాకు దానికన్నా పాలకుండ కథ ఎక్కువ ఇష్టం, ఎందుకంటే అది అచ్చంగా కొనుగోలు తగాదా. ఒకడు గొల్లవాడి దగ్గర పాలకుండ కొని, రేపొచ్చి తీసుకుంటానని అక్కడే వదిలి పోయాడు. మర్నాటికి పాలు పెరుగయ్యాయి. నేను కొన్నది పాలు, పాలే ఇవ్వమని కొన్నవాడు పట్టుబట్టాడు. మిళిందుడు తీర్పు గొల్లవాడికే ఇచ్చాడు, ఆ పెరుగు ఆ పాల నుంచే కదా వచ్చింది అని. చచ్చినవాడూ పుట్టినవాడూ అదే మనిషి కాదు, వేరే మనిషీ కాదు, ఒకే వరుస. అందుకే కర్మ తప్పదు అని నాగసేనుడి భావం. మామిడిపళ్ళ దొంగ కూడా అక్కడివాడే. నువ్వు పాతిన టెంక వేరు, నేను కోసిన పండు వేరు అని వాదించి శిక్ష తప్పించుకోలేకపోతాడు.

అన్నయ్యకు ఈ జవాబు నచ్చలేదు. "పాలు పెరుగైతే సరే. కొన్నవాడు మారితే?" అన్నాడు. సరైన దెబ్బే. నాగసేనుడు వస్తువులో వరుసను చూపించాడు గాని, ఆ వరుసలోకి కొత్తగా వచ్చి చేరినవాడు ఎందుకు చెల్లించాలో చెప్పలేదు.

చట్టాలు ఈ ప్రశ్నకు దేనికి తోచిన గీత అది గీశాయి. ఇంగ్లండులో డీలరు దగ్గర కొంటే, 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం లోపమున్న కారును 30 రోజుల్లో తిప్పిచ్చేయొచ్చు. మామూలు మనిషి దగ్గర కొంటే ఆ హక్కు లేదు, చూసుకుని కొనుక్కోవాల్సింది నువ్వే. రోడ్డు పన్ను మాత్రం చక్కటి కర్మవాదంతో నడుస్తుంది. 2014 అక్టోబరు నుంచి అమ్మినవాడు కట్టిన పన్ను కారుతో పాటు పోదు; మిగిలిన నెలల సొమ్ము అతనికే తిరిగొస్తుంది, కొన్నవాడు మొదటి నుంచి కట్టుకోవాలి. అదే పన్నులో జాతకమూ ఉంది. ఇంత పొగ వదిలే కారు 2006 మార్చి 23కి ముందు రిజిస్టరైతే ఒక రేటు, ఆ రోజో తర్వాతో అయితే బాగా ఎక్కువ రేటు. నా కారు ముందే పుట్టి బతికిపోయింది.

మన దగ్గర ఇంకో విడ్డూరం. కారు అమ్మేసి, డబ్బు తీసుకుని, ఆర్సీలో పేరు మార్పించకుండా వదిలేస్తే, ఆ కారుతో ఎవరో చేసిన ప్రమాదానికి పరిహారం రికార్డులో పేరున్నవాడి మీదే పడుతుంది. 2018లో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. ఇక అప్పుల సంగతి. తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చాలన్న యాజ్ఞవల్క్యుడు కూడా తాగుడుకీ జూదానికీ చేసినవి అక్కర్లేదని మినహాయించాడు. ఆ ధర్మబాధ్యత పేరుతో కొడుకుల మీదికి పోవడం ఇక కుదరదని 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించారు. నా కారు రిజిస్టరైన ఏడే. కొడుకుల్ని వదిలేశారు గాని, కారు కొన్నవాడికి ఏ యాజ్ఞవల్క్యుడూ మినహాయింపు రాయలేదు.

నా మటుకు, ధర దగ్గరే జవాబు దొరికింది. లక్ష పౌండ్ల కారు నాకు అంత చవగ్గా రావడానికి కారణం ఆ పాత నిర్లక్ష్యాలే. తగ్గింపు తీసుకుని బాకీ మాత్రం నాది కాదంటే కుదరదు. కనుక సస్పెన్షను విషయంలో నాకు అన్యాయం జరగలేదని అన్నయ్యతో అన్నాను. అన్నయ్య వెంటనే, "మరి పుట్టుక సంగతేమిటి? దానికి డిస్కౌంటు ఇచ్చిందెవరు?" అన్నాడు.

దానికి నా దగ్గర సిద్ధాంతం లేదు, వృత్తి ఉంది. నేను మత్తుమందు డాక్టర్ని. ఆపరేషనుకు ముందు ప్రతి మనిషినీ అడిగే ప్రశ్నల్లో ఒకటి: మీ ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు ప్రమాదం జరిగిందా? మాలిగ్నంట్ హైపర్‌థర్మియా అని ఒకటుంది. ఎక్కువగా తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చే జన్యులోపం. మామూలుగా ఏ బాధా ఉండదు. కొన్ని రకాల మత్తు వాయువులు గానీ, సక్సామెథోనియం గానీ ఇస్తే కండరాలు బిగుసుకుని ఒంట్లో వేడి అదుపు తప్పుతుంది. డాంట్రోలీన్ అనే మందు సమయానికి అందకపోతే ప్రాణం పోవచ్చు. అందులో ఆ మనిషి చేసుకున్నది ఏమీ లేదు. పచ్చి అకృతాభ్యాగమం.

అయితే అదే ఇంట్లో పిన్నికో పెదనాన్నకో ఆ గండం ముందే వచ్చి, ఎవరో డాక్టరు దాన్ని కాగితం మీద పెట్టి ఉంటే, ఈ మనిషికి వేరే మందులతో మత్తిస్తాం, క్షేమంగా ఇంటికి పోతాడు. ఆ పిన్ని పడ్డ బాధ ఫలం ఆమెకు దక్కలేదు, అది కృతహాని. వీడికి చెయ్యని పుణ్యం దక్కింది, అదీ అకృతాభ్యాగమమే. తార్కికులు రెండు దోషాలన్నారే, అవి రెండూ కలిసి ఇక్కడ ఒక ప్రాణం నిలబెట్టాయి. నా కారు మొదటి యజమాని మార్పించిన ఆయిలు కూడా అంతే. ఆయన డబ్బు, నా ఇంజను. మా నాన్న రెండెకరాలు అమ్మి నన్ను మెడిసిన్ చదివించాడు. ఆ ఫలం అనుభవించకుండానే పోయాడు.

అందుకని అన్నయ్యతో ఇక్కడ తెగేసి చెప్పాను. అకృతాభ్యాగమం ఒక్కటీ లేని లోకమే కావాలంటే ఎవడు వేసిన రోడ్డు మీద వాడే నడవాలి, ఎవడు నాటిన చెట్టు కాయ వాడే తినాలి. చెడ్డ ఫలం వచ్చినప్పుడు అన్యాయమని అరిచే మనం, మంచి ఫలం వచ్చినప్పుడు శాస్త్రం తియ్యం, అదృష్టమని ఊరుకుంటాం. తార్కికుల న్యాయం ఒంటరి మనిషికి సరిపోతుంది. చేతులు మారే వస్తువుకూ, తరాలు మారే ఇంటికీ సరిపోదు. అన్నయ్య ఒప్పుకోలేదు. తర్కానికి మినహాయింపులు ఇచ్చుకుంటూ పోతే మిగిలేది తర్కం కాదు, మొహమాటం అన్నాడు.

బ్రిటన్‌లో కారుకు ఇచ్చే వీ5సీ పత్రం మీద, ఇది యాజమాన్యానికి రుజువు కాదు అని అచ్చువేసి ఉంటుంది. కారు సంగతి చూసుకునే బాధ్యత ఎవరిదో మాత్రమే అది చెబుతుంది. వస్తువుల విషయంలో ఇంతకన్నా నిజాయితీ గల పత్రాన్ని నేను చూడలేదు.

మా గుంటూరు జిల్లాలో పాత కార్ల బ్రోకర్లు "డాక్టరు గారు వాడిన బండండీ, కళ్ళు మూసుకుని తీసుకోండి" అనేవారు. ఏ డాక్టరో, ఎలా వాడాడో చెప్పేవారు కారు. మీరు కారు అమ్మేటప్పుడు దయచేసి ఆ పని చెయ్యకండి. చేయించిన పనుల బిల్లులే కాదు, చేయించకుండా వాయిదా వేసినవి కూడా ఒక కాగితం మీద రాసి తాళంతో పాటు ఇవ్వండి. ధర నాలుగు రూపాయలు తగ్గితే తగ్గనివ్వండి. నా ఫైల్లో అలాంటి కాగితం ఒకటి పెట్టాను. ఎడమ ముందు స్ట్రట్టు, కంప్రెసరు మార్పిస్తున్నాను. ఇంజను వెనక వాక్యూమ్ పైపులు పాతవే, ఇంకా మార్పించలేదు.