అన్నం పెట్టినవారికి ఎంత హక్కు?

బీద పిల్లవానికి అన్నం పెట్టి చదువు చెప్పించేవారికి ఆ పిల్లవాని మనస్సుమీద ఎంత హక్కు ఉంటుంది? మిషను బోర్డింగు అన్నం తిని పైకి వచ్చిన కుటుంబాలు మన సంఘాలలో ఎన్నో ఉన్నాయి గనుక ఇది పరాయి ప్రశ్న కాదు. అయితే ఆర్మేనియన్ల చరిత్రలో ఇది మరింత స్పష్టంగా కనబడుతుంది.

లెబనాను దేశపు బెకా లోయలో అంజర్ అనే ఊరు ఉంది. 1915లో ఒట్టోమన్ ప్రభుత్వం ఆర్మేనియన్లను ఊళ్లనుండి వెళ్లగొట్టి సంహరిస్తుండగా, మూసా దాగ్ కొండమీదనుండి ఎదిరించి, నాలుగు వేలకు పైబడి ఫ్రెంచి ఓడలలో బయటపడ్డారు. యుద్ధం తరువాత ఇళ్లకు చేరినా, 1939లో ఆ ప్రాంతం టర్కీలో కలియడంతో వారిలో అనేకులు మళ్లీ మూటలు కట్టుకొని ఇక్కడికి వచ్చారు. మొదటి ఏళ్లలో మలేరియా ఎందరినో పొట్టనబెట్టుకొంది. విడిచి వచ్చిన ఆరు గ్రామాల పేర్లే ఇక్కడి ఆరు పేటలకు పెట్టుకున్నారు. (వలస వచ్చిన మనకు దాని అర్థం వేరే చెప్పనక్కరలేదు.) అక్కడి ఆర్మేనియన్ ఇవాంజెలికల్ సంఘపు బడికి బీద పిల్లల బోర్డింగు కూడా ఉంది. ఆర్మేనియన్ అనాథల నిమిత్తం 1896లో జర్మనీలో పుట్టిన హిల్ఫ్స్‌బుండ్ మిషను దానికి తోడ్పడుతూ వచ్చింది. అక్కడ పిల్లలు తమ భాష తాము చదువుకొంటారు.

అదే దేశంలో అంతూరా అనే చోట మొదటి ప్రపంచయుద్ధ కాలంలో మరొక బోర్డింగు నడిచింది. జెమాల్ పాషా ఒక క్రైస్తవ కళాశాలను స్వాధీనం చేసుకొని సుమారు వెయ్యిమంది అనాథలను అక్కడ చేర్చాడు. వారిలో ఎక్కువమంది ఆర్మేనియన్లు. వారికి తురుష్క పేర్లు, నంబర్లు ఇచ్చారు. మతం మార్చారు. ఆర్మేనియన్ మాట్లాడితే దెబ్బలు. కర్నిగ్ పానియన్ అనే చిన్నవాడు అక్కడ పెరిగి, తరువాత బేరూతులో ఆర్మేనియన్ పిల్లలకు ఉపాధ్యాయుడై, ఆ రోజులను గ్రంథస్థం చేశాడు. ప్రాణాలైనా నిలిపారు కదా అనేవారు ఉన్నారు. నిజమే, కొందరు బ్రతికారు. కాని బబులోను రాజు కూడా దానియేలుకు, అతని స్నేహితులకు తన బల్లమీది భోజనం, కల్దీయుల విద్య ఇచ్చి, వారి పేర్లు మార్చలేదా?

అది తప్పు, ఇది ఒప్పు అని అక్కడితో ఆగితే మనకు సుఖమే. అయితే ఆర్మేనియన్లలో అత్యధికులు తమ ప్రాచీన అపొస్తలిక సంఘానికి చెందినవారు. ఇవాంజెలికల్ సంఘం 1846లో వేరుపడినది. ఆ ప్రాచీన సంఘపు బిడ్డ ఆకలితో మిషను బోర్డింగులో చేరి వారి ప్రార్థన నేర్చుకొంటే, అది విశ్వాసమా, కృతజ్ఞతా?

ఇతరుల మాట ఎలా ఉన్నా బాప్టిస్టులమైన మనం దీనిని దాటవేయలేము. ఎవరి విశ్వాసం వారిదే కావాలనే కదా మనం శిశువులకు బాప్తిస్మమివ్వము! వార్డెను చూస్తున్నాడని, తోటివారందరూ దిగుతున్నారని నీళ్లలోకి దిగే పన్నెండేళ్ల హాస్టలు పిల్లవాని సంగతి ఏమిటి? ఫీజు కట్టి చదివే పిల్లవానికి ఈ చిక్కు లేదు, వద్దని ఇంటికి పోగలడు. బోర్డింగులో వాక్యం చెప్పవద్దని నేననను. నమ్మినదానిని చెప్పకపోవడం కూడా ఒకరకం మోసమే. కాని పళ్లెంలోని అన్నం ఆ పిల్లవాని జవాబుమీద ఆధారపడకూడదు.

హాస్టళ్లకు కానుకలు పంపినప్పుడు, ఈ ఏడు ఎందరు బాప్తిస్మం పొందారని రిపోర్టులో వెదకడం మనకు అలవాటు. ఇప్పుడే వద్దన్న పిల్లలు ఎందరు, వారు ఇంకా అదే పంక్తిలో భోంచేస్తున్నారా అని ఒక్క ఉత్తరం వ్రాసి అడగవచ్చు.