షుగర్ ఎవరి తప్పు?

షుగర్ వచ్చిందని తెలిసిన మనిషి మన దగ్గర రెండు మాటలు వింటాడు. ఇంట్లోవాళ్లు అంటారు, 'మీ నాయనకుండె, నీకు రాక యాడికి పోతది?' బయటివాళ్లు అంటారు, 'నోరు కట్టుకుంటే వచ్చేదా?' మొదటి మాట తలరాతను జన్యువులో పెట్టింది, రెండో మాట పాపాన్ని కంచంలో పెట్టింది. ఒకరి లెక్కలో అతను నిస్సహాయుడు, ఇంకొకరి లెక్కలో దోషి. రెండు మాటల తర్వాతా ఇక ఆలోచించాల్సిన పని ఎవరికీ ఉండదు. నాకు ఆ తొందర మీదే అనుమానం.

జన్యువు సంగతే ముందు చూద్దాం. ఎఫ్‌టీఓ అనే జన్యువుకూ ఊబకాయానికీ సంబంధం ఉందని 2007లో తేలింది. అందులోని బరువు పెంచే రూపం తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండూ సంక్రమించినవాళ్లు, అసలు సంక్రమించనివాళ్ల కంటే సగటున 3 కిలోలు ఎక్కువ తూగారు. మూడే కిలోలు! నాలుగేళ్ల తర్వాత ఎన్నో అధ్యయనాలను కలిపి చూస్తే, ఒళ్లు వంచేవాళ్లలో ఆ జన్యువు ప్రభావం నాలుగో వంతుకు పైగా తగ్గింది. మొగ్గు పుట్టుకతోనే ఉంది, అది ఎటు తేలాలన్నది చాలావరకు తిండీ పనీ నిర్ణయిస్తున్నాయి. మరి ఆ తిండినీ ఆ పనినీ నిర్ణయించింది ఎవరు?

జనగామ మెట్ట నేల. జొన్న గట్క, తైద అంబలి తిని బతికిన సీమ. వరన్నం పండుగనాటి మాట. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచింది తన పంట తన ఇంటికి చేరడం కోసం. అదే దేశ్‌ముఖ్ మీది పోరులో 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకీ గుండుకు ఒరిగాడు. గింజ ఇంట్లో మిగలడమే ఇక్కడ పెద్ద రాజకీయం. ఆ తర్వాత 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది, బోర్లు వచ్చాయి, దేవాదుల నుంచి గోదావరి నీళ్లొచ్చాయి, వరి పరుచుకుంది. పొద్దుమాపు తెల్లన్నం తినడం ఆ ఇళ్లకు గెలుపు. 'అన్నం తగ్గించు' అనే డాక్టరు చెప్పేది వైద్యంగా సరైనదే, కాని వినేవాడి చెవిలో అది ఇంకోలా పడుతుంది. తాతలు కష్టపడి వదిలించుకున్న గట్కను ఇప్పుడు ప్యాకెట్‌లో పోసి మిల్లెట్ల పేరుతో వాళ్ల మనవళ్లకే అమ్మడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

భూపాలపల్లి బొగ్గు గనుల్లో రాత్రి షిఫ్టు చేసేవాడు, దేహం నిద్ర కోరే వేళ సద్ది విప్పుతాడు. ఆ వేళ తిన్న తిండికి రక్తంలో చక్కెర పగటి కంటే ఎక్కువ పెరుగుతుంది. ఇక మహబూబాబాద్ తండాలో అందరికీ పెట్టి, గిన్నెలో మిగిలింది తినే తల్లికి డైట్ చార్టు రాసిస్తే, అందులోని పప్పూ గుడ్డూ ఎవరి కంచంలోకి పోతాయి?

1962లో జేమ్స్ నీల్ అనే అమెరికన్ జన్యు శాస్త్రవేత్త, కరువుల్లో మనిషిని కాపాడిన పొదుపు జన్యువులే కలిమి రోజుల్లో షుగర్ తెస్తున్నాయని ఊహించాడు. అందమైన ఊహ. అందంగా ఉంది కాబట్టే జాగ్రత్తగా ఉండాలి: కరువు చూడని జాతి ఏది? అన్ని జాతులూ చూస్తే, అందరికీ ఒకేలా రావాలి కదా! పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ గర్భంలోకి తొంగి చూశాడు. మన శిశువులు బక్కగా, తక్కువ బరువుతో పుడుతున్నా, వాళ్ల ఒంట్లో కండ తక్కువ, కొవ్వు పాలు ఎక్కువ. తల్లి తిండి లేమి బిడ్డ ఒంట్లో అలా మిగిలిపోతోంది.

ఈ ఆలోచనకు మన గడ్డ మీదే ఒక పరీక్ష జరిగింది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గర్లోని 29 ఊళ్లలో, 15 ఊళ్ల గర్భిణులకూ పిల్లలకూ మక్క, సోయా పిండితో చేసిన ఉప్మా రోజూ పెట్టారు. అంగన్‌వాడీ పథకం ఇంకా చేరని మిగతా 14 ఊళ్లలో పెట్టలేదు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసుకొచ్చాక పరీక్షించారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. ఒంట్లో కొవ్వు రెండు వైపులా ఇంచుమించు ఒకటే, కాని ఉప్మా ఊళ్ల పిల్లల్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు అంత బిరుసెక్కలేదు.

ఏ పొలిమేరకు ఇవతల పుట్టాలో ఆ పిల్లలెవరూ కోరుకోలేదు. నోరు కట్టుకోవడం, కట్టుకోకపోవడం అన్న ప్రశ్నే లేదు, వాళ్లకింకా పళ్లే రాలేదు. అట్లని మనిషి చేతిలో ఏమీ లేదంటే అదీ నేను ఒప్పుకోను. పొద్దున నడిచే మనిషికి ఆ నడక నిజంగానే మేలు చేస్తోంది. నన్ను వేధించేది ఏమిటంటే, బాధ్యతను పంచాల్సి వచ్చినప్పుడు రోగి వాటా మాత్రమే మనకు స్పష్టంగా కనబడుతుంది. రేషన్‌లో మనిషికి నెలకు 6 కిలోల బియ్యం చాలని లెక్క కట్టినవాళ్లను, పప్పు ఎంత అని మనం నిలదీశామా?

2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు అంగన్‌వాడీలో పాలు, గుడ్డుతో ఒక పూట పూర్తి భోజనం పెడుతున్నారు. అక్కడ తిన్న తల్లికి పుట్టిన బిడ్డ నలభై ఏళ్లకు షుగర్ లేకుండా ఉంటే, అదంతా తన క్రమశిక్షణేనని నమ్మి, పక్కింటివాడికి 'నోరు కట్టుకో' అని చెబితే, మనం ఏమనాలి?