చిరునామా మారినవానిని నమ్మవచ్చునా?



మన దొరవారిసత్రము పేరులోనే సత్రమున్నది. సత్రమనగా ఊరు పేరు తెలియని బాటసారికి ఒక పూట అన్నమును, ఒక రాత్రి చోటును ఇచ్చు స్థలము. అట్టివానిని ఎంతవరకు నమ్మవలెనను ప్రశ్న సత్రములంత పాతది. నేడు అది మన చేతిలోని ఫోనులోనికి వచ్చియున్నది.

ఇంటర్నెట్టులో చేరిన యంత్రమునకు ఐ.పి. అడ్రసు అను అంకెల చిరునామా ఉండును. పాత పద్ధతిలో అట్టి చిరునామాలు సుమారు 430 కోట్లు మాత్రమే. వాటి మూలనిల్వ 2011 ఫిబ్రవరిలో పంపకమైపోయెను. కావున ఫోను కంపెనీలు ఒకే చిరునామాను పలువురికి పంచుచున్నవి. నేడు ఒకరికి ఇచ్చినదానిని రేపు మరియొకరికి ఇచ్చుచున్నవి. సూళ్లూరుపేటలో రైలెక్కి గూడూరులో దిగులోపల ఫోను చిరునామా మారిపోవచ్చును. ఫోను పట్టుకొన్న మనిషి మాత్రము మారలేదు.

ఇప్పుడు, నడుమ పెద్ద కంప్యూటరు ఏదియు లేకుండ, ఒకరినొకరు ఎరుగనివారు నేరుగా ఫైళ్లు పంచుకొను వలలను తలంచుడి. అచ్చట చెడ్డ సరకు పంపినవాని చిరునామాను వెలివేసితిమనుకొనుడి. వాడు యంత్రమును ఆర్పి వెలిగించి క్రొత్త చిరునామాతో మరల రావచ్చును. వాడు విడిచిన చిరునామా దొరికిన నిర్దోషి గడప వెలుపల నిలిచిపోవును. ఇంతేకాదు, ఒక్కడే వేయి పేర్లు ధరించి వేయిమంది సాక్షులవలె కనబడవచ్చును. దీనిని 2002 నుండి సిబిల్ దాడి అని పిలుచుచున్నారు.

అట్లయిన క్రొత్తవారినందరిని త్రోసివేయుదమా? అప్పు ఎగవేసి ఊరు మార్చినవాడును, కూలి కొరకు ఊరు మార్చినవాడును గుమ్మమునొద్ద ఒకే తీరుగా కనబడుదురు. మోసగానికి భయపడి తలుపు మూసినయెడల, వాని తప్పునకు శిక్ష పేదవాడు అనుభవించును. ఇది న్యాయమా?

2001లో బ్రామ్ కోహెన్ రూపొందించిన బిట్‌టొరెంట్ దీనికొక మార్గము చూపుచున్నది. అందు ఫైలును ముక్కలుగా చేసి, ప్రతి ముక్కకు లెక్కకట్టిన ముద్రను ముందుగానే వ్రాసియుంచుదురు. ముక్క ఎవరియొద్దనుండి వచ్చినను ముద్రతో సరిపోలిన చేర్చుకొందురు, లేనియెడల పారవేయుదురు. పరీక్ష పంపినవాని చిరునామాకు కాదు, పంపిన వస్తువునకే. ఆ ముద్రల పట్టీ మాత్రము నమ్మదగిన చోటునుండి రావలెను.

మరియొక సంగతి గమనించుడి. ఇచ్చినవారికి తిరిగి ఇచ్చుట అందలి నియమము. అయితే క్రొత్తగా వచ్చినవానియొద్ద ఇచ్చుటకేమియు ఉండదు గదా! అందుచేత సుమారు 30 సెకండ్లకొకసారి, ఇంకను ఏమియు ఇయ్యనివానికి కూడ ఒక అవకాశము దొరకునట్లు ఏర్పాటు చేసిరి. అది లేనియెడల క్రొత్తవాడు ఎన్నటికిని క్రొత్తవాడుగానే ఉండిపోవును.

ఇదియే సత్రపు ధర్మము. బాటసారికి అన్నము పెట్టుదురు గాని ధాన్యపు కొట్టు తాళపుచెవి ఇయ్యరు. వానిని ఆకలితో పంపివేయరు, ఆస్తి అప్పగింపరు. నమ్మకము కొద్దికొద్దిగా ఇచ్చి పెంచవలసినది. దానికి తోడు పూచీపడు మనిషియు కావలెను. యెరూషలేములోని శిష్యులు సౌలును చూచి వెరచినప్పుడు బర్నబా అతని పక్షమున నిలిచినందుననే గదా ఆ తలుపు తెరువబడెను!

కావున పరదేశములోనున్న కుమారుని పేరున క్రొత్త నంబరునుండి డబ్బు కొరకు కబురు వచ్చినయెడల వెంటనే పంపకుడి, వెంటనే కసరకుడి. ఇంటివారికి మాత్రమే తెలిసిన సంగతి అడుగుడి. పాత నంబరునకు ఫోను చేయుడి. అతనితో నున్నవారిని విచారించుడి. అట్లే కోతకు వచ్చిన పరాయి ఊరి కూలివానిని, ఊరు తెలియదని త్రిప్పి పంపకుడి. మొదటి దినమున పని ఇయ్యుడి. ఆ పని చూచి రెండవ దినమున నమ్మకము ఇయ్యుడి.