బిగించే చెయ్యి, వెలిగించే చెయ్యి

ధర్మసందేహాలు పురాణ కాలక్షేపాల్లోనే వస్తాయని చాలామంది అనుకుంటారు. నా మటుకు నాకు అవి ఎక్కువగా వంటింట్లో వస్తూంటాయి. ఈమధ్య ఒకటి ఏకంగా అట్టపెట్టెలో వచ్చింది.

సంక్రాంతికి అరిసెల పాకం పట్టాలన్నా, పదిమంది చుట్టాలొస్తే గుండిగతో అన్నం వండాలన్నా రోజువారీ పొయ్యి చాలదని మా ఆవిడ చాలా ఏళ్ళుగా అంటోంది. ఆఖరికి పోత ఇనప గ్యాసు పొయ్యి ఒకటి కొన్నాం. వీటిలో రెండు జాతులున్నాయి. హోటళ్ళవాళ్ళు వాడేవి ఎక్కువ ఒత్తిడి గ్యాసుతో భగభగ మండేవి. ఇంటి సిలిండరుకి పెట్టే మామూలు రెగ్యులేటరుతో నడిచేవి రెండో రకం. మాది ఆ రెండోది. పెట్టె విప్పితే కాళ్ళు, చట్రం, బర్నరు, బోల్టులు, నట్లు, ఒక బొమ్మల కాగితం.

పోత ఇనుముది చిత్రమైన స్వభావం. ఎంత బరువైనా మోస్తుంది, ఎంత వేడైనా భరిస్తుంది, కాని వంగడం దానికి తెలియదు. ఉక్కయితే ముందు వంగి మనకి కబురు చెబుతుంది. పోత ఇనుము చెప్పాపెట్టకుండా పగులుతుంది. అంచేత బోల్టులన్నీ ముందు వదులుగా ఎక్కించి, పొయ్యిని సమంగా నిలబెట్టి, అప్పుడు ఎదురెదురు మూలలవి కొద్దికొద్దిగా బిగించుకు రావాలి. పట్టుదలకి పోయి ఒకే కాలిని బలంకొద్దీ బిగిస్తే ఆ కాలే దక్కదు. కొందరు మనుషులతో వ్యవహారం కూడా ఇంతేననుకోండి.

నేను పానా పట్టుకుని ఈ పనిలో ఉండగా పక్కింటి మాస్టారు వచ్చారు. కాళ్ళు నాలుగూ నిలబడ్డాయి. ఇక మిగిలింది గ్యాసు కలపడం.

“దీనికి మెకానిక్కు దేనికండీ? ట్యూబు తొడిగి క్లిప్పు బిగించడమేగా! ఎవరి పని వాళ్ళు చేసుకోవాలని గాంధీగారు ఊరికే చెప్పారా?” అన్నారు మాస్టారు.

లోపల్నించి మా ఆవిడ గొంతు వినపడింది. “బిగించేది మీరు సరే. రేపు పొద్దున్న వెలిగించేది ఎవరండీ?”

మాస్టారు నవ్వేశారు. నాకు మాత్రం ఆ ప్రశ్న అంత తేలిగ్గా దిగలేదు.

స్వావలంబన గొప్ప గుణమే. నా చెప్పు నేను కుట్టుకుంటే, కుట్టు ఊడితే నడిరోడ్డు మీద కుంటేది నేనే. అందులో ధర్మసందేహం లేదు. కాని నేను బిగించిన మర వదులైతే ఆ ఫలితం అనుభవించేది పొయ్యి దగ్గర నిలబడే మనిషి. ధైర్యం నాది, ప్రమాదం ఆవిడది. ఇంకొకరి ప్రాణం పెట్టుబడిగా పెట్టి చూపించే ధైర్యాన్ని ధైర్యమనవచ్చునా?

అలాగని అన్ని పనులూ ఒకే గాటన కట్టడం కూడా సబబు కాదు. పొయ్యి కాలు సరిగ్గా బిగియకపోతే పొయ్యి ఊగుతుంది. ఖాళీ గుండిగ పెట్టగానే గుట్టు బయటపడుతుంది. అది కనిపించే తప్పు. గ్యాసు సంగతి అలా కాదు. మనం వంటకి వాడే గ్యాసు గాలికన్నా బరువు. కారితే కిందికి దిగి నేలబారుగా పాకి మూలల్లో పోగుపడుతుంది. కంటికి కనపడదు. నిజానికి దానికి సొంత వాసన కూడా లేదు. మనకి తెలిసే ఆ ఘాటు వాసన మెర్కాప్టాన్ అనే గంధకపు పదార్థానిది. మనల్ని హెచ్చరించడానికి కొద్దిగా కలుపుతారు.

గ్యాసుకి వాసన కలపాలన్న పట్టుదల వెనక పెద్ద దుఃఖం ఉంది. 1937 మార్చి 18న అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని న్యూ లండన్ అనే ఊళ్ళో బడి పేలిపోయి దాదాపు 300 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది పిల్లలు. డబ్బు కలిసి వస్తుందని బడి నడిపేవాళ్ళు చమురు బావుల నుంచి మిగులు గ్యాసు తీసుకుపోయే గొట్టానికి కనెక్షను తగిలించుకున్నారు. ఆ గ్యాసుకి వాసన లేదు. బడి కింద అది పోగుపడుతున్న సంగతి ఎవరికీ తెలియలేదు. ఆ తరవాతే టెక్సస్‌లో గ్యాసుకి వాసన కలపాలని చట్టం వచ్చింది. ఆదా లెక్క వేసినవాళ్ళు పెద్దలు, మూల్యం చెల్లించినవాళ్ళు పిల్లలు. ఆ పెద్దలు దుర్మార్గులు కారు, వాళ్ళ పిల్లలూ ఆ బళ్ళోనే చదువుకునేవారు. మంచితనం ఒక్కటే చాలదనడానికి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి?

అంచేత కనిపించే పని నాది, కనపడని పని తెలిసినవాడిది అని పంచుకున్నాను. గ్యాసు డీలరు దగ్గర నుంచి మెకానిక్కు వచ్చాడు. పెరటి వసారాలో బండ గట్టు మీద పొయ్యి, దానికి దిగువగా నిటారుగా సిలిండరు. కొత్త ట్యూబు తొడిగాడు. దాన్ని ఎంత బాగున్నా అయిదేళ్ళకి మార్చాలని మరీ మరీ చెప్పాడు. గాలి వెళ్ళే కంత సరిచేసి మంట చూపించాడు. నీలంగా ఉంటే గాలి సరిపోయినట్టు, పసుపుపచ్చగా లేచి గిన్నెకి మసి పట్టిస్తే చాలనట్టు. పది నిమిషాల్లో అంతా అయిపోయింది. పొయ్యి ఆర్పి సంచి సర్దుకుంటున్నాడు.

“సబ్బునీళ్ళు రాసి చూడవా బాబూ?” అంది మా ఆవిడ.

“ఇరవై ఏళ్ళ సర్వీసమ్మా నాది!” అన్నాడతను నవ్వుతూ.

“నీ సర్వీసు నీతో వెళ్ళిపోతుంది. పొయ్యి ఇక్కడే ఉంటుంది.”

అతను ఇంకేమీ అనలేదు. సబ్బు నురగ అతుకు అతుక్కీ రాశాడు. ఎక్కడా ఒక్క బుడగ లేవలేదు. “చెప్పానా!” అన్నట్టు చూసి వెళ్ళిపోయాడు.

“చూశారా, ఉత్త అనుమానం!” అన్నారు మాస్టారు.

అక్కడే మాస్టారితో నాకు పేచీ. బుడగ రాలేదు కాబట్టి పరీక్ష దండగైందా? అంతకుముందు మాకు ఉన్నది అతని మీద నమ్మకం. తరవాత ఉన్నది తెలిసిన సంగతి. రెంటికీ మధ్య దూరం గుప్పెడు సబ్బునీళ్ళే కావచ్చు, ఆ దూరం దాటడానికి మాత్రం ఎవరో ఒకరు అడగాలి. నిపుణుణ్ణి గౌరవించడమంటే అతన్ని ప్రశ్నించకపోవడం అనుకుంటాం. పని తెలిసినవాడికి పరీక్షవల్ల పోయే పరువు ఏముంటుంది?

ఇంకొకటి కూడా తోచింది. సిలిండరు అయిపోయినప్పుడల్లా రెగ్యులేటరు తీసి, కొత్తదానికి పెట్టి, వాషరు ఉందో లేదో చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పరీక్షించేది మా ఇంట్లో మా ఆవిడే. దేశంలో చాలా ఇళ్ళల్లో అంతే. దాన్ని నైపుణ్యమని ఎవరూ అనరు, సర్టిఫికెట్టు ఎవరూ ఇవ్వరు. పొయ్యి ఎక్కడ పెట్టాలో, ఎవరు బిగించాలో నేనూ మాస్టారూ గంటసేపు వాదించుకున్నాం. దాని ముందు నిలబడే మనిషిని ఇద్దరిలో ఒక్కరం అడగలేదు, ఆవిడే అడగాల్సొచ్చింది.

వంతెన కట్టేవాడు, మందు కలిపేవాడు, బస్సు నడిపేవాడు, అందరూ బిగించే చేతులే. వెలిగించే చేతులు వేరు. మన బతుకంతా ఎవరో బిగించినవాటిని నమ్మి వెలిగించుకోవడమే కాబట్టి నమ్మకం లేకుండా ఒక్కరోజు గడవదు. కాని నమ్మవలసినవాళ్ళకి అడిగే హక్కు కూడా ఉండాలి. వాళ్ళు అడిగినప్పుడు విసుక్కోకుండా సబ్బునీళ్ళు తెచ్చే ఓపిక బిగించినవాళ్ళకి ఉండాలి. ఇంతకుమించిన ధర్మసూక్ష్మం నాకు తోచడం లేదు. మీకు తోస్తే చెప్పండి. ఈలోగా మీ ఇంటి ట్యూబు మీద వేసిన సంవత్సరం ఎంతో ఒక్కసారి చూసుకోండి.